మీరు రిపోర్టు చెప్తుంటే ఎదుటివాళ్లు ఫోన్లు చూసుకోకుండా ఉండాలంటే?

మీటింగ్ మొదలైన కాసేపటికే సగం తలలు ఫోన్లలోకి వంగిపోతాయి. రిపోర్టులో తమకేం పని ఉందో వాళ్లకు ఇంకా తెలియకపోవడమే చాలాసార్లు దీనికి కారణం. అందుకే స్లైడ్లు చేయకముందే ఒక్క వాక్యం రాసుకోండి: ఇది విన్నాక వీళ్లు ఏం తేల్చాలి? ఆ వాక్యం కుదరకపోతే మీటింగ్ అక్కర్లేదు, మెయిల్ చాలు.

1. తేలిన విషయం ముందు చెప్పండి

డేటా ఎలా సేకరించామో చెబుతూ మొదలుపెడితే అసలు మాట చివరి స్లైడ్‌కి గానీ రాదు. తిరగేయండి. "వెనక్కొచ్చే సరుకు పెరిగింది. కారణం ప్యాకింగ్. కొత్త పెట్టెలకు ఈరోజు ఓకే కావాలి" అని మొదటి నిమిషంలోనే అనేస్తే, మిగతా లెక్కలు ఎందుకు వినాలో వాళ్లకు తెలుస్తుంది.

స్లైడ్ హెడ్డింగుకూ ఇదే సూత్రం. "నెలవారీ ఫిర్యాదులు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఫిర్యాదులు జూన్ తర్వాత సగానికి తగ్గాయి" అంటే గ్రాఫ్ చూడాలనిపిస్తుంది.

2. గ్రాఫ్‌ని చదివి చూపించండి

ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. గ్రాఫ్ మీకు పాతదే, వాళ్లు మాత్రం ఇప్పుడే చూస్తున్నారు. "అడ్డంగా నెలలు, నిలువుగా ఫిర్యాదులు" అని చెప్పి రెండు క్షణాలు ఆగండి. 12 బార్లుంటే 11 బూడిద రంగులో ఉంచి, మీరు మాట్లాడే ఒక్కదానికే రంగు వేయండి. ఎక్సెల్ షీటు మొత్తం అతికిస్తే వెనక వరసకు చీమల బారులా కనిపిస్తుంది. దాన్ని ముందురోజే పంపేయండి.

3. స్లైడ్ చదవకండి

మీరు పైకి చదివేలోపే వాళ్లు మనసులో చదివేసుకుంటారు. ఆపైన మీ గొంతు వట్టి అడ్డే. ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు పవర్‌పాయింట్ స్లైడ్ షోలో 'బి' కీ నొక్కితే తెర నల్లబడుతుంది, చూపులన్నీ మీ వైపు తిరుగుతాయి. మళ్లీ నొక్కితే స్లైడ్ వచ్చేస్తుంది.

4. ప్రశ్నలు చివరిదాకా దాచకండి

"ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటే నిశ్శబ్దమే జవాబు. "గోడౌన్‌లో ఈ మార్పు కుదురుతుందాండీ?" అని ఆ పని చూసేవాళ్లనే అడగండి. అడుగుతానని వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే అందరిముందూ ఇరికించినట్టవుతుంది. మధ్యలో బాస్ ఏదైనా అడిగితే "ఆ స్లైడ్ తర్వాత వస్తుంది" అనకుండా అప్పుడే చెప్పండి. అంకె గుర్తులేకపోతే సాయంత్రానికి పంపుతాననండి, ఊహించి చెప్పొద్దు.

అరగంట ఇస్తే 20 నిమిషాలకే సిద్ధం చేసుకోండి. "థాంక్యూ" స్లైడ్ తీసేసి, ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో రాసి, చర్చ ముగిసేదాకా తెరమీద ఉంచండి.