దుబాయ్‌లో ఇల్లు కొనే ముందు

దుబాయ్ మీద మనవాళ్ళకు ఇష్టం సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో పుడుతుంది. క్రీక్ ఒడ్డున నడక, అబ్రా అనే చిన్న పడవలో షికారు, చల్లటి సాయంత్రాలు. ఇల్లు మాత్రం ఆగస్టులో చూడండి. 45 డిగ్రీల ఎండలో మెట్రో స్టేషన్ నుంచి ఆ భవనం దాకా నడిచి చూడండి. డిస్ట్రిక్ట్ కూలింగ్ (ఒకే కేంద్రం నుంచి చాలా భవనాలకు చల్లదనం పంపే ఏర్పాటు) ఉన్న భవనమైతే, ఇల్లు తాళం వేసి ఉన్నా నెలనెలా కట్టాల్సిన చార్జీ ఎంతో కనుక్కోండి. 2024 ఏప్రిల్ 16 నాటి కుండపోతకు బేస్‌మెంట్ మునిగిందా, లిఫ్టులు ఎన్నాళ్ళు ఆగిపోయాయి అన్నది బ్రోకరు కన్నా కాపలాదారుకే బాగా తెలుస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళి అక్కడ పనిచేసేవారు ఎందరో ఉన్నారు. అదృష్టం బాగుంటే తెలుగులోనే అడగవచ్చు.

విదేశీయులు పూర్తి హక్కుతో కొనగలిగేది ఫ్రీహోల్డ్‌గా ప్రకటించిన ప్రాంతాల్లోనే. ధరకు తోడు ల్యాండ్ డిపార్ట్‌మెంట్ రుసుము 4 శాతం, బ్రోకరుకు సుమారు 2 శాతం కలుపుకోండి. భవన నిర్వహణకు ఏటా చదరపు అడుగు లెక్కన కట్టే సర్వీసు చార్జీలను చాలామంది మరిచిపోతారు. అద్దె రాబడిని తినేసేది అదే.

కట్టబోయే ఇల్లయితే భయం ఇంకాస్త ఉండాలి. 2008 సంక్షోభంలో ఎన్నో భవనాలు మధ్యలోనే ఆగిపోయాయి. 2007 చట్టం ప్రకారం కొనుగోలుదారుల డబ్బు ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలోకే, అంటే ఆ నిర్మాణానికే వాడేలా విడిగా ఉంచే ఖాతాలోకే, వెళ్ళాలి. ఏజెంటు తన సొంత ఖాతాలో వేయమంటే అక్కడితో మాట ఆపేయండి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది వీసా గురించి. ఇల్లు మీ పేరున ఉన్నంత మాత్రాన ఆ ఊళ్ళో ఉండే హక్కు దానంతట అదే రాదు. ఆస్తి విలువ 20 లక్షల దిర్హాములు ఉంటే పదేళ్ళ గోల్డెన్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకన్నా తక్కువైతే, ఉద్యోగ వీసా మీద ఉన్నవారు ఒక ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసుకోవాలి: రేపు ఉద్యోగం పోయి హైదరాబాదుకో విజయవాడకో తిరిగొస్తే, వచ్చే అద్దెతో ఇంటి అప్పు మీద బ్యాంకు వాయిదా తీరుతుందా? తీరకపోతే ఆ ఇల్లు వదిలి, చిన్నదైనా, దూరమైనా మరొకటి చూసుకోండి. ఊరి మీద ప్రేమ వాయిదా కట్టదు.

భారత్‌లో నివసిస్తూ కొనేవారు ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా బ్యాంకు ద్వారా పంపవచ్చు. భార్యాభర్తలకు ఎవరి పరిమితి వారిదే. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) తీసుకుంటుంది. ఆదాయపు పన్ను రిటర్నులో అది సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా చేతిలో అంత డబ్బుండాలి. హవాలా జోలికి అస్సలు వెళ్ళకండి. ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఇంటిని చూపించాలి. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు.

చివరగా విల్లు, అంటే వీలునామా. ముస్లిమేతరులు అక్కడే విల్లు నమోదు చేసుకునే వీలుంది. ఇంటి రిజిస్ట్రేషన్ అయిన నెలలోనే ఆ పని ముగించి, ఒక ప్రతిని ఇండియాలో ఇంట్లో ఉంచండి.