కులేబ్రా బీచ్‌కి గ్యాంగ్‌తో వెళ్తుంటే రిటర్న్ టికెట్ ముందే తీసుకోండి

లాంగ్ వీకెండ్‌కి ప్యూర్టో రికో ప్లాన్ చేసే మన వాళ్ళకి ఒక్క మాట అండి. శాన్ హువాన్ నుంచి కులేబ్రా ఐలాండ్‌లో ఫ్లమెంకో బీచ్‌కి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు, కానీ ఫెర్రీ శాన్ హువాన్‌లో ఎక్కరు, సేబాలో ఎక్కాలి, అక్కడికే కార్లో గంట పైన పడుతుంది. ఆన్‌లైన్‌లో రానూ పోనూ రెండు టికెట్లూ ఒకేసారి అందరికీ ఒకరే బుక్ చేసేయండి, మేం పోయేది మాత్రం తీసుకుని వచ్చేది అక్కడ చూద్దాంలే అనుకున్నాం, సాయంత్రం పిల్లలు తడి బట్టల్తో వణుకుతుంటే లైన్లో నిలబడ్డం ఇంకా గుర్తుంది. లోకల్ వాళ్ళకి ముందు ప్రయారిటీ ఉంటుంది, అది న్యాయమే కదా, వాళ్ళ ఆస్పత్రి పనులకీ సరుకులకీ అదే పడవ.

రేవు నుంచి బీచ్‌కి వ్యాన్లు దొరుకుతాయి, చిల్లర క్యాష్ ఉంచుకోండి. తిండికి చింతపండు పులిహోర బెస్ట్, ఆ ఎండలో పెరుగన్నం పులిసిపోతుంది, పులిహోర మాత్రం మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది. పెద్దవాళ్ళుంటే గొడుగు తప్పనిసరి.

ఇసుకలో సగం కూరుకుపోయి రంగులేసిన పాత మిలిటరీ ట్యాంకులుంటాయి, అమెరికా నేవీ 1975 దాకా ఇక్కడ ప్రాక్టీస్ బాంబులేసేది. పిల్లల్ని వాటి మీద ఎక్కనివ్వకండి, తుప్పు అంచులు కత్తుల్లా ఉన్నాయి.