గోడ మీది ఫోటోలు దించాలా? ముస్లిం ఇంట్లో ఫోటోలు సర్దుకునే పద్ధతి

ఇంట్లో మనుషుల ఫోటోలు ఉండొచ్చా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు. ఆ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. బొమ్మ తయారు చేయడం ఒకటి, గోడకు తగిలించడం ఒకటి, బీరువాలో దాచుకోవడం ఇంకొకటి, దాని ఎదుట నమాజు చదవడం మరొకటి. ఒకదానికి చెప్పిన తీర్పును ఇంకోదానికి అంటగట్టడం వల్లే ఇళ్లల్లో గొడవలు వస్తాయి. మత బోధన కోసం జమాతుతో వెళ్లొచ్చిన కొడుకు తాత ఫోటో దించి చించేస్తాడు, తల్లి వారం రోజులు అన్నం సరిగా తినదు. చించమని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. గోడ మీద వద్దన్నారంతే.

ముందు గొడవ లేనివి పక్కన పెట్టేయండి. బొమ్మలు వేసి బతికే ఒకతను వచ్చి అడిగితే, వేయక తప్పకపోతే చెట్లూ ప్రాణం లేనివీ వేసుకోమని ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు. ఇది బుఖారీ, ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథాల్లో ఉంది. కాబట్టి తలకోన జలపాతం, చంద్రగిరి కోట, కాబా, మదీనా పచ్చ గుంబజు ఫోటోలు నిశ్చింతగా ఉంచుకోవచ్చు. కాబా ఫోటోలో చుట్టూ జనం ఉంటారు కదా అనే సందేహం చాలామందికి వస్తుంది. హనఫీ ఫిఖహ్‌లో, అంటే హనఫీ శాఖ ధర్మశాస్త్రంలో, దీనికి ఒక కొలత ఉంది. బొమ్మను నేల మీద పెట్టి నిలబడి చూడండి. కళ్లు, ముక్కు, చేతులు విడివిడిగా తెలియనంత చిన్నదైతే అభ్యంతరం లేదు. తవాఫ్ చేసే, అంటే కాబా చుట్టూ తిరిగే జనం అలా చూస్తే చుక్కల్లాగే కనిపిస్తారు.

ఇక అసలు విషయం. బొమ్మ ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారని అబూ తల్హా (రజి) చెప్పిన హదీసు ఉంది. బొమ్మలు చేసేవారికి ప్రళయ దినాన కఠిన శిక్ష అని ఇబ్నె మస్ఊద్ (రజి) హదీసు ఉంది. రెండూ బలమైనవే. అయితే ఆ కాలంలో బొమ్మంటే చేత్తో గీసింది, నేసింది, చెక్కింది. ఫోటో పద్ధతి లోకానికి తెలిసింది 1839లో. అది హదీసులో చెప్పిన బొమ్మ కిందికి వస్తుందా రాదా అన్న చోట పండితులు విడిపోయారు. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీగా (ఫత్వాలిచ్చే పెద్ద పండితుడిగా) పనిచేసిన ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ, అల్లాహ్ సృష్టించిన దాని నీడనే పట్టి నిలపడం ఫోటో అని, అది కొత్తగా రూపం కల్పించడం కాదని రాశారు. యూసుఫ్ అల్ ఖర్జావీ కూడా షరతులతో అనుమతించారు. సౌదీకి చెందిన షేక్ ఇబ్నె బాజ్, మన దేశంలో దేవబంద్ దారుల్ ఉలూం మాత్రం ఫోటో కూడా తస్వీరే, అంటే హదీసు వద్దన్న బొమ్మే అన్నారు, అవసరానికి తప్ప వద్దన్నారు. పాకిస్తాన్ ముఫ్తీ తఖీ ఉస్మానీ ఫోన్ తెర మీద కనిపించేదాన్ని వేరుగా చూశారు. కాగితం మీదకు రానంతవరకు అది తస్వీర్ కిందికి రాదన్నది ఆయన అభిప్రాయం. దేవబంద్ ఫత్వాలు దీన్ని ఒప్పుకోవు.

ఈ విభేదం మీ ఇంట్లో ఈ రోజు తేలదు. అందరూ ఒప్పుకున్న పనులు మాత్రం చాలా ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి.

మొదట నమాజు చదివే గది. తిరుపతి, చిత్తూరుల నుంచి ఖిబ్లా (నమాజులో ముఖం తిప్పే కాబా దిక్కు) నేరుగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 17 డిగ్రీలు జరిగి ఉంటుంది. అందుకని జానమాజ్ (నమాజు చాప) వేసి నిలబడితే ఎదురుగా పడేది పడమటి గోడ మధ్య భాగం కాదు, కాస్త కుడి వైపు. ఉట్టి అంచనాతో గోడ మధ్యలో ఉన్న పటం దించి కుడి చివరిది వదిలేస్తుంటారు. జానమాజ్ మీద నిజంగా నిలబడి, తర్వాత కూర్చుని, రెండు సార్లూ చూడండి. హనఫీ గ్రంథాల్లో వరుస ఇలా ఉంది: అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం ఎదురుగా ఉన్న బొమ్మకు, తర్వాత తల పైన, ఆ తర్వాత కుడి, ఎడమ, చివర వెనుక. ఈ వరుసలోనే దించుకుంటూ రండి. అద్దెల్లు కాబట్టి గోడకు అంటించిన దేవుడి టైల్స్ తీసే వీలు లేదంటారా, నమాజు వేళ దాని మీద గుడ్డ వేయండి, లేదా వేరే గదిలో చదవండి. కప్పి ఉన్న బొమ్మకు అభ్యంతరం లేదు. జేబులో ఆధార్ కార్డు, పర్సులో నోట్లు ఉన్నాయని నమాజు ముందు బయట పెట్టక్కర్లేదు. సినిమా హీరో ముఖం ఉన్న టీషర్టు మాత్రం మార్చుకోవాలి, లేదంటే పైన చొక్కా వేసుకోవాలి. దాంతో చదివితే నమాజు చెల్లుతుంది గానీ మక్రూహ్, అంటే అయిష్టమైన పని.

రెండోది, గౌరవ స్థానంలో వేలాడేవి. చనిపోయిన పెద్దల ఫోటోకు దండ వేసి, చిన్న బల్బు పెట్టి, పండగనాడు ఊదుబత్తి వెలిగించడం మన ప్రాంతంలో పక్కింటి నుంచి మనింటికీ వచ్చిన అలవాటు. ఫోటోను అనుమతించిన పండితులు కూడా దీనికి ఒప్పుకోరు. వలీల (పుణ్యపురుషుల) ఊహాచిత్రాలదీ ఇదే సంగతి. ఆడమనిషి ముఖంతో, నెమలి తోకతో ఉండే బురాఖ్ (ప్రవక్త ఆకాశయాత్ర వాహనం) పటం అన్నిటికన్నా ముందు దిగాలి. హదీసులో బురాఖ్ గురించి ఉన్నది తెల్లని జంతువనీ, గాడిద కన్నా పెద్దది, కంచరగాడిద కన్నా చిన్నదనీ మాత్రమే. ఆ ముఖం చిత్రకారుల కల్పన.

దించడం ఎలా అన్నది చాలామంది పట్టించుకోరు. పాత ఫోటోలు పాడయ్యేది ఇక్కడే. ఫ్రేమును మెత్తని గుడ్డ మీద బోర్లా పెట్టి, వెనక గోధుమరంగు టేపును బ్లేడుతో కోసి, మేకులు ఒక్కొక్కటే వంచి తీయండి. పాత నలుపు తెలుపు ఫోటో పైన జెలటిన్ పొర ఉంటుంది. వానాకాలం తేమకు అది ఉబ్బి అద్దానికి అతుక్కుంటుంది. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అతుక్కుందని తెలిస్తే లాగకండి, అద్దంతో సహా కాగితంలో చుట్టి దాచండి. స్కాన్ చేయించాలనుకుంటే అద్దం మీదుగానే అంగుళానికి 600 చుక్కల చొప్పున చేయించవచ్చు. దించిన వాటిని జిగురు పేజీల ఆల్బంలో పెట్టొద్దు, ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి ఫోటోను పట్టేస్తుంది. ఒక్కో ఫోటోను తెల్ల కాగితపు కవరులో పెట్టి, డబ్బాలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేసి, బీరువా మధ్య అరలో ఉంచండి. అటక మీద వేడి ఎక్కువ, కింది అరలో చెమ్మ ఎక్కువ. కవరు మీద పేరు, సంవత్సరం పెన్సిలుతో రాయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, ఈ పని జనవరి తర్వాత పెట్టుకోవడం మేలు.

బీరువాలో దాచడం కూడా వద్దనే అభిప్రాయం మీదైతే ఒక మాట. ఆ ఫోటో మీ ఒక్కరిదీ కాదు. అమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరినీ అడగండి. వాళ్లు నమ్మే ముఫ్తీ వేరు కావచ్చు, వాళ్లకు ఇచ్చేయండి. పింఛను కాగితాలకు భార్యాభర్తల జంట ఫోటో కావలసి వస్తుంది, ఆ ఒక్కటీ పోగొట్టుకుంటే మళ్లీ దొరకదు. నిజంగా తీసేసేవి ఉంటే ముఖం భాగాన్ని ముక్కలుగా కత్తిరించి వేయండి. ఇంటి ఆడవాళ్ల ఫోటోలను చెత్తబుట్టలో ఉన్నవి ఉన్నట్టు పడేయడం తప్పు. లామినేషన్ చేసినవి కాల్చొద్దు, ప్లాస్టిక్ పొగ వస్తుంది. వెనక ఆయత్ (ఖురాన్ వాక్యం) రాసిన ఫ్రేములు ఉంటాయి, వాటిని వేరుచేసి మసీదులో ఇవ్వండి.

బొమ్మను ఉంచుకుంటూ దోషం తొలగించాలనుకునేవారు గుర్తుంచుకోవలసింది, మెడ దగ్గర గీత గీస్తే సరిపోదు. మెడ మీద చార ఉన్న పక్షులు ఎన్ని లేవు! కళ్లు చెరిపినా చాలదని హనఫీ పండితులు రాశారు. తల గానీ ముఖం గానీ పూర్తిగా పోవాలి. అబూ దావూద్, తిర్మిజీలలో ఉన్న హదీసులో దైవదూత జిబ్రీల్ (అలై) తల తీసేస్తే చెట్టులా అవుతుందన్నారు, కొలత అదే. పిల్లల బ్యాగు మీది కార్టూనుకు ముఖం మీద గుడ్డ ముక్క వేసి కుట్టడం తేలిక.

కలంకారీ గుడ్డ తెరల సంగతి శ్రీకాళహస్తి పక్కన ఉన్నవాళ్లకు బాగా వర్తిస్తుంది. ప్రవక్త భార్య ఆయిషా (రజి) బొమ్మలున్న తెర కట్టారు, దాని మీద రెక్కల గుర్రాలున్నాయని ముస్లిం గ్రంథంలో ఒక హదీసు చెబుతుంది. ప్రవక్త (స) దాన్ని తీసేయించారు. బొమ్మల తెరను ఆమె కోసి దిండ్లుగా కుట్టారని మరో హదీసులో ఉంది. గుడ్డను పారేయలేదు, గౌరవ స్థానం నుంచి దించి వాడకంలోకి తెచ్చారు. కలంకారీ తెర మీద నెమళ్లు, ఏనుగులు, గుర్రాలు ఉంటే మీరూ అదే చేయొచ్చు. కొనేటప్పుడే అయితే పూలతీగలు, మామిడి పిందెలు, కొమ్మలతో నిండిన చెట్టు ఉన్నవి అడగండి. చెట్టు కొమ్మల సందుల్లో చిన్న పిట్టలు వేసి ఉంటారు, గుడ్డ పూర్తిగా విప్పి చూసి తీసుకోండి. అదే గుడ్డ మీద రాముడో కృష్ణుడో ఉంటే మాత్రం దిండు కుట్టొద్దు. పక్కవాళ్లు పూజించే రూపాన్ని కాళ్ల కింద వేయడం మనకు తగదు. ఇతరులు పూజించే వాటిని దూషించకండని ఖురాన్‌లోని అన్‌ఆమ్ సూరా 108వ ఆయత్ చెబుతోంది. ఆ గుడ్డను ఇష్టపడే హిందూ స్నేహితులకు ఇవ్వండి. ఆఫీసులో ఇచ్చిన టీటీడీ క్యాలెండరు, డైరీలదీ ఇదే దారి. ఇచ్చినవారి ఎదుట వద్దనకుండా తీసుకుని, కావలసిన ఇంటికి చేర్చండి. తిరుపతిలో వాటిని సంతోషంగా అందుకునేవారు ప్రతి వీధిలో ఉంటారు. దేవుళ్ల ఫోటోలున్న దినపత్రిక పేజీని భోజనాలకు పరిచే దస్తర్‌ఖాన్ కింద పరచకండి.

ఎర్రచందనం మరపాచి బొమ్మలు, మాధవమాల చెక్క బొమ్మలు ఫోటోల్లాంటివి కావు. నీడ పడే పూర్తి రూపాల విషయంలో సున్నీ ధర్మశాస్త్ర శాఖలైన నాలుగు మజ్‌హబ్‌లూ ఫోటోల కన్నా ఎంతో గట్టిగా ఉన్నాయి. షోకేసులో అలంకారంగా పెట్టకండి. పిల్లలు ఆడుకునే బొమ్మలకు మినహాయింపు ఇచ్చినవారు ఎక్కువ, ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారని బుఖారీలోనే ఉంది.

ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, హజ్ దరఖాస్తు ఫోటోల గురించి మథనపడక్కర్లేదు. ఫోటోను హరాం అన్నవారు కూడా వీటిని అవసరం కింద అనుమతించారు. మిగిలిన ప్రతులు కవరులో వేసి ఉంచండి, అద్దం అంచున గుచ్చకండి.

ఫోన్‌లో ముందు వాల్‌పేపరు మార్చండి. గ్యాలరీలో ఉన్నది మూసి ఉన్నట్టే, వాల్‌పేపరు మాత్రం రోజుకు వందసార్లు తెరుచుకునే గోడ. నమాజులో ఫోన్ బోర్లా పెట్టండి. ఇంటి ఆడవాళ్ల ఫోటోలు ప్రొఫైలుకు, స్టేటస్‌కు పెట్టడం తస్వీర్ సమస్య కన్నా పరదా సమస్య, డిజిటల్ ఫోటోను అనుమతించినవారిలోనూ చాలామంది దీన్ని ఒప్పుకోరు.

ఇంకా సందేహం మిగిలితే ముఫ్తీ సాబ్‌ను అడిగే తీరు ముఖ్యం. "ఫోటో హలాలా హరామా" అని అడిగితే మీకు పనికొచ్చే జవాబు రాదు. ఇలా రాసివ్వండి: "హజ్రత్, చనిపోయిన మా అబ్బా ఫోటో ఉంది, కాగితం మీద అచ్చయినది, అరచేతి అంత. గోడకు లేదు, బీరువాలో కవరులో ఉంది. అమ్మీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటుంది. దండ వేయం. మాది హనఫీ మజ్‌హబ్. ఉంచవచ్చా?" ఎవరిది, అచ్చా తెరా, ఎక్కడుంది, ఎందుకుంది, మజ్‌హబ్ ఏది అనే అయిదూ అందులో ఉన్నాయి. ఇంట్లో అందరూ నమ్మే ఒక్కరినే అడగండి. నలుగురిని అడిగి తేలికైనది ఏరుకోవద్దు, కఠినమైనది ఏరుకుని అమ్మ మీద రుద్దొద్దు. జవాబు రాతపూర్వకంగా తీసుకుని మీ ప్రశ్న కాగితంతో కలిపి ఉంచండి. రేపు తమ్ముడో చెల్లెలో మళ్లీ అడిగితే, ఏ పరిస్థితికి ఆ జవాబు ఇచ్చారో వాళ్లకు కనబడుతుంది.