కంప్యూటర్ నుంచి ఎస్ఎంఎస్: ఫోన్ కొనాలా, మోడెమ్ కొనాలా?

సర్వర్ ఆగినా, సర్వర్ గదిలో వేడి పెరిగినా నాకు మెసేజ్ రావాలి. ఇంటర్నెట్ పోయినప్పుడు కూడా రావాలి కాబట్టి, సిమ్ వేసిన మోడెమ్ ఒకటి కంప్యూటర్‌కే తగిలించి ఉంచుతాను. ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు చూడమనేది ఒక్కటే: అది కంప్యూటర్‌లో సీరియల్ పోర్టుగా (ఆదేశాలు టైపు చేసి పంపి, జవాబులు అందుకునే దారిగా) కనిపిస్తుందా లేదా?

డబ్బా మీద రాసిన స్పీడు పట్టించుకోకండి. ఒక ఎస్ఎంఎస్ అంటే మొత్తం 140 బైట్లు, దానికి ఏ స్పీడయినా ఎక్కువే. చూడటానికి ఒకేలా ఉండే యూఎస్‌బీ డాంగిళ్లలో రెండు రకాలున్నాయి. ఒకటి సీరియల్ పోర్టు ఇస్తుంది. రెండోది, హువావే వాళ్లు హైలింక్ అనే రకం, నెట్‌వర్క్ కార్డులా కనిపించి బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుస్తుంది. దాంతోనూ పంపొచ్చు గానీ, ఒక మోడల్‌కి రాసిన ప్రోగ్రామ్ ఇంకోదానికి పనిచేస్తుందన్న నమ్మకం లేదు. నేనైతే కొనను.

వీలైతే కొనేముందే పరీక్షించండి. పుట్టీ లాంటి టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే ప్రోగ్రామ్) పోర్టు తెరిచి 'ఏటీ' (AT) అని కొడితే 'ఓకే' రావాలి. తర్వాత 'ఏటీ+సీఎస్‌క్యూ' (AT+CSQ) కొట్టండి. సిగ్నల్ 0 నుంచి 31 మధ్య అంకెగా వస్తుంది, 99 అంటే తెలియదని. పది కూడా దాటకపోతే బయటి యాంటెనా పెట్టుకునే సాకెట్ ఉన్న మోడెమ్ తీసుకోండి.

సిమ్800 లాంటి చవక మోడెమ్ మాడ్యూళ్లు 2జీ మాత్రమే. చాలా దేశాల్లో 2జీ ఆపేశారు, ఆపేస్తున్నారు కూడా. పైగా అవి సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతాయి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియరే! మధ్యమధ్యలో మోడెమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే సాఫ్ట్‌వేర్‌ని తిట్టే ముందు పవర్ సప్లై చూడండి. ఇప్పుడు కొనేవాళ్లు మీ నెట్‌వర్క్ బ్యాండ్‌లకు సరిపోయే 4జీదే కొనండి.

తెలుగులో పంపాలంటే మోడెమ్‌కి యూసీఎస్2 (UCS2, తెలుగు లాంటి లిపుల అక్షరాలను పంపే పద్ధతి) రావాలి. 'ఏటీ+సీఎస్‌సీఎస్=?' (AT+CSCS=?) అడిగితే జాబితాలో ఆ పేరు కనిపిస్తుంది. అప్పుడు మెసేజ్‌కి ఇంగ్లిష్‌లో లాగా 160 కాదు, 70 అక్షరాలే. గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి: 'లక్ష్మి' ఒక్కటే ఏడు తింటుంది. అందుకే నా అలర్ట్‌లు పొట్టిగా ఉంటాయి.

మరి ఫోన్? డేటా కేబుల్‌తో వచ్చిన పాత బటన్ ఫోన్లు కొన్ని మోడెమ్‌లాగే పనిచేసేవి. గమ్ము అనే సాఫ్ట్‌వేర్ పాత నోకియాలతో ఇప్పటికీ మాట్లాడుతుంది. ఈనాటి ఆండ్రాయిడ్ ఫోన్‌కైతే గేట్‌వే యాప్ (కంప్యూటర్ ఇచ్చిన మెసేజ్‌ని ఫోన్ నుంచి పంపేది) కావాలి. వెంటవెంటనే ఎక్కువ మెసేజ్‌లు పంపితే ఆండ్రాయిడే ఆపి అనుమతి అడుగుతుంది. ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బుతుందన్న టెన్షన్ వేరే. ప్రయోగానికి సరే, ఏళ్ల తరబడి నడపడానికి మోడెమే మేలు.

వేలల్లో పంపేవాళ్లకు ఈ రెండూ పనికిరావు. ఒక్కో మెసేజ్‌కి కొన్ని సెకన్లు పడుతుంది, సిమ్ కూడా బ్లాక్ కావచ్చు.

కొన్నాక సిమ్‌ని ముందు మామూలు ఫోన్‌లో వేసి ఒక మెసేజ్ పంపి చూడండి, పిన్ లాక్ తీసేయండి. కరెంటు పోయి వచ్చాక అర్ధరాత్రి పిన్ కొట్టడానికి అక్కడ ఎవరూ ఉండరు.