దింబం దిగేటప్పుడు న్యూట్రల్ మాట తలపెట్టకండి

బెంగళూరు నుంచి కోయంబత్తూరుకు బైకు మీద వెళ్లాలనుకుంటే కిలోమీటర్లు కాదు, గడియారం చూసుకోండి. దూరం 300 కిలోమీటర్లు దాటుతుంది, అది పెద్ద విషయం కాదు. మధ్యాహ్న భోజనం వేళకు, దారిలో తమిళనాడు వైపు అడవిలో వచ్చే దింబం కొండ దిగిపోయి ఉండాలి. మిగతాదంతా దాన్ని బట్టే.

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. సొంతూరు ధర్మవరం, ఉండేది జేపీ నగర్‌లో. మా అక్కను కోయంబత్తూరులో ఇచ్చారు కాబట్టి, నా 150 సీసీ బండికి ఈ దారి బాగా అలవాటు.

ముందు రోజే టైర్లు చల్లగా ఉండగా గాలి చూసుకుని, గొలుసుకు నూనె వేయండి. బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్పించండి. పాతబడేకొద్దీ అది తేమ పీల్చుకుంటుంది, తేమ పట్టింది త్వరగా మరుగుతుంది, మరిగితే బ్రేకు పట్టదు. దీని సంగతి కొండ మీద తెలుస్తుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు కదలండి. ఆలస్యమైతే బనశంకరి నుంచి తలఘట్టపుర దాటేలోపే సగం ఓపిక అయిపోతుంది. కనకపుర, మళవళ్లి, కొళ్లేగాల, చామరాజనగర వరుసగా వస్తాయి. ఊళ్ల దగ్గర రంగు వేయని హంపులుంటాయి. కోతల కాలంలో రైతులు ఉలవ కట్టెను రోడ్డు మీద పరుస్తారు, బండ్ల చక్రాలే వాళ్లకు నూర్పిడి. కారుకు ఫరవాలేదు గానీ మనకు అది సబ్బునీళ్లతో సమానం. పైగా తీగలు గొలుసులో చుట్టుకుంటాయి. నిదానంగా, బ్రేకు ముట్టుకోకుండా, బండి వంచకుండా దాటండి.

పుణజనూరు చెక్‌పోస్టు దాటితే అడవి. 2022 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశాలతో ఈ దారిలో రాత్రి రాకపోకలపై ఆంక్షలున్నాయి. పగలు కూడా హాసనూరు చుట్టుపక్కల ఏనుగులు చెరకు లారీల కోసం కాచుకుని ఉంటాయి. ఏనుగు కనిపిస్తే దూరంగానే ఆగండి. హారన్ వద్దు, ఫోటో అసలే వద్దు. వెనక బస్సో లారీయో వస్తే దాని చాటున వెళ్లండి.

ఇక దింబం. 27 హెయిర్‌పిన్ మలుపులు, అంటే దాదాపు వెనక్కి తిరిగేంత వంపులు, మనకు అన్నీ దిగుడే. మొదటిసారి నేను పెట్రోలు మిగులుతుందని బండిని గేరు లేకుండా, న్యూట్రల్‌లో వదిలాను. ఏడెనిమిది మలుపులు హాయిగానే ఉంది. తర్వాత కాలిన గోనెసంచి వాసన వచ్చింది. వెనక బ్రేకు తొక్కితే ఉన్నట్టే లేదు. ముందు బ్రేకు లీవరు మెత్తబడి హ్యాండిల్‌ను తాకింది. రోజంతా లిఫ్టు బ్రేకులతో బతికేవాణ్ని, సొంత బండి దగ్గర ఆ బుద్ధి ఏమైందో! గేరు వేసి, కొండవైపు అంచుకు తెచ్చి ఎలాగో ఆపాను.

ఇలా చేయాలి: ఏ గేరులో ఆ కొండ ఎక్కుతారో అదే గేరులో దిగండి, చాలాచోట్ల రెండోది. క్లచ్ నొక్కి పట్టకుండా వదిలేయండి, ఇంజినే గొణుక్కుంటూ బండిని వెనక్కి లాగుతుంది. మలుపుకు ముందు, బండి నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ వేసి వదలండి, ఆ తర్వాతే తిప్పండి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు ముగిసే చోట ఉండాలి. ఎదురుగా లారీ ఎక్కుతుంటే మలుపుకు పైనే ఆగండి, దానికి రోడ్డంతా కావాలి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం కూడా.

కింద బన్నారి అమ్మవారి గుడి దగ్గర ఆగి బ్రేకులు చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి, కాలిన డిస్కు వంకర పోవచ్చు. సత్యమంగళం, అన్నూరు మీదుగా మిగిలిన దారి తేలికే. కానీ అలసట మీదపడేదీ అక్కడే. ఊళ్లోకి వెళ్లే ముందు ఒక టీ తాగండి.

మర్నాడే తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. నన్నయితే అక్క ఎలాగూ పోనివ్వదు. ఖాళీ ఉంటే అవినాశి రోడ్డులో ఎన్నో యంత్రాలు తయారుచేసిన జి.డి.నాయుడు పేరు మీద ఉన్న కార్ల మ్యూజియం చూడండి. ఆయన మన తెలుగింటివాడే. ఎక్కడో ఒక దొర నడిపిన రడ్జ్ మోటారుసైకిల్ చూసి మనసుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. తర్వాత ముక్కముక్కా ఊడదీసి మళ్లీ బిగించారట. ఆ కథ విన్నాక కూడా నేను నా ఇంజిన్ జోలికి పోలేదు, గొలుసు బిగువు చూసుకుని ఊరుకున్నాను.