చదవకుండానే కూడేస్తుంటే

నేను లెక్కలు చెప్పే ఏడో తరగతిలో పద సమస్య, అంటే మాటల్లో రాసిన లెక్క, ఇస్తే చాలు, పిల్లలు చదవకముందే "కూడాలా, తీసెయ్యాలా సార్?" అనేవారు. కొత్త జబ్బేం కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పిల్లల్ని అడిగారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు, కెప్టెన్ వయసెంత? చాలామంది 36 అనేశారు.

నేను ప్రశ్న తీసేసి మిగతాది మాత్రమే బోర్డు మీద రాశాను. "చొక్కా ధర 500. 20 శాతం పెంచి, ఆ ధర మీద 20 శాతం తగ్గించారు." ఏం అడగొచ్చో వాళ్లే చెప్పాలి. "మళ్లీ 500కే వస్తుందిగా" అని ఒకడు, కాదని ఇంకొకడు. 480 తేలేదాకా గొడవే. నాక్కావలసిందీ అదే.

మార్కులూ మార్చాను. నాలుగింటిలో జవాబుకి ఒక్కటే. అడిగిందేమిటో సొంత మాటల్లో రాస్తే ఒకటి, చేసిన పద్ధతికి ఒకటి, సరిచూస్తే ఒకటి. సరిచూడ్డానికి మాత్రం ఇంకా బద్ధకమే. అందుకే అప్పుడప్పుడు జవాబే లేని లెక్క కలుపుతున్నాను. "చెప్పలేం" అని కారణం రాస్తే పూర్తి మార్కులు.