సొంత బగ్గీ ఛాసిస్ – 4వ భాగం: కింది ఫ్రేమ్, మూలకు మూల

పోయిన భాగంల పైపులు కొనుడు, కోసుడు అయిపోయింది కదా, ఇయ్యాల కింది ఫ్రేమ్ జోడిద్దాం. నేనైతే అన్నిటికంటే ఎక్కువ టైం ఈ ఒక్క భాగానికే పెట్టమంట, ఎందుకంటే ఇంజన్ మౌంటింగులు, సస్పెన్షన్, సీటు, స్టీరింగ్ అన్నీ దీని మీది నుంచే కొలుస్తం, ఇక్కడ 5 ఎంఎం పక్కకు పోతే అది వీల్ అలైన్‌మెంట్ దాకా మన వెంబడి వస్తది.

కొత్తగా చేరినోళ్లకు మల్లొక్కసారి చెప్తున్న. మనం చేసేది మారుతి 800 ది 796 సీసీ ఇంజన్ వెనక పెట్టి సొంత చేలల్ల నడుపుకునే బండి, రోడ్డు మీదికి కాదు. రిజిస్ట్రేషన్ల ఉన్న వివరాలకు, కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ చెప్పింది, కాబట్టి ఆ ఆశ పెట్టుకోకుండ్రి.

సైజు 2400 ఎంఎం పొడుగు, 1000 ఎంఎం వెడల్పు, బయటి కొలత. పైపు 25 బై 25, మందం 1.6 ఎంఎం. పొడుగు పైపులు 2400 వి రెండు, అడ్డం పైపులు 950 వి ఐదు, అటొక పాతిక ఇటొక పాతిక పొడుగు పైపులే తింటయి కాబట్టి 1000 కాదు 950. ఈ ఏడు పైపులకు ఆరు మీటర్ల లెంగ్తులు రెండు సరిపోతయి, ఏడు కలిపి 11 కిలోలు దాటి కొంచెం, చివర్ల వచ్చే ఏటవాలు పైపులు దీంట్ల లెవ్వు. గాల్వనైజ్డ్ (జింక్ పూత) పైపు మాత్రం తేకుండ్రి, వెల్డింగ్‌ల జింక్ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే.

ఈ సైజే ఎందుకంటే 1000, 2400 కు మూలకు మూల సరిగ్గ 2600 వస్తది, పాయింట్లు గీయింట్లు ఏం లేవు. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ మూలకు మూల టేపు పట్టి చూస్తడు కదా, అదే పని. రెండు మూలల కొలతలు ఒకటే ఉండాలె, 2600 ఉండాలె. మూలమట్టం ఒక్కటే పెట్టి నమ్మొద్దు, చిన్న మట్టం మీద కనపడని తేడా రెండున్నర మీటర్ల చివరకు పోయేసరికి పెద్దగ అయితది. ఒక పొడుగు పైపు 3 ఎంఎం ముందుకు జరిగితే రెండు మూలల కొలతల మధ్య తేడా ఐదున్నర దాకా కనపడుతది, అంటే తప్పును దాదాపు డబుల్ చేసి చూపిస్తది, అందుకే నాకు ఈ కొలత మీద అంత నమ్మకం. ఇంకోటి, టేపు కొన కొక్కెం జర ఆడుతుంటది, కాబట్టి కొక్కెం తగిలించకుండ 100 గీత దగ్గర పట్టుకొని 2700 చదవండి.

ఇప్పుడు ట్యాకులు, అంటే ఫుల్ వెల్డింగ్ కంటే ముందు పైపులు కదలకుండ పట్టించే చిన్న చుక్క వెల్డింగులు. మా దిక్కు షాపులల్ల చేతికి 3.15 ఎంఎం వెల్డింగ్ రాడే వస్తది, ఈ పైపుకు అది పెడితే బొక్క పడుతది. 2.5 ఎంఎం రాడ్, 6013 రకం, 65 ఆంప్స్ దగ్గర మొదలుపెట్టి ముందుగాల తుక్కు ముక్కల మీద చూస్కోండి. ముందు నాలుగు మూలలకే, ఒక్కో మూలకు ఒక్క ట్యాక్, ముత్యం అంత. ఒక మూల కొట్టినంక పక్క మూల కాదు, ఎదురు మూలకు పోవాలె. వెల్డ్ చల్లారేటప్పుడు గుంజుతది, కాబట్టి ప్రతి ట్యాక్ తర్వాత ఆగి, చల్లారినంక మల్ల టేపు పట్టాలె. తేడా వస్తే సుత్తె వద్దు, ఎక్కువ వచ్చిన మూలల మధ్య రాచెట్ బెల్ట్ (సామాను బిగించి కట్టే బెల్ట్) వేసి మెల్లగ గుంజితే దారికొస్తది. అది కుదిరినంకనే మధ్యల మూడు అడ్డం పైపులు.

నా మొదటి ఫ్రేమ్ సంగతి చెప్తా. తొందరల ఒక చివరి నుంచి ఫుల్ వెల్డింగ్ కొట్టుకుంట పోయిన. మూలకు మూల కరెక్టే ఉంది, తెల్లారి నేల మీద పెడితే నులక మంచం కోడు లేసినట్టు ఒక మూల 12 ఎంఎం పైకి లేసింది. ఫ్రేమ్ మెలి తిరిగింది. మిర్యాలగూడల రైస్ మిల్లులకు ఫ్రేములు కట్టే ఒక అన్న దగ్గరికి ఆటోల వేస్కపోయిన. ఆయన రెండు దారాలు తీసుకొని ఒక మూల నుంచి ఎదురు మూలకు, ఇంకో మూల నుంచి దాని ఎదురు మూలకు బిర్రుగ గుంజి కట్టిండు. మధ్యల రెండు దారాలు తాకాలె, కానీ 6 ఎంఎం సందు ఉంది. "లేసిన దాంట్ల సగం ఇక్కడ కనపడుతది తమ్మి, టేపు ఇది చెప్పది" అన్నడు. అప్పటి నుంచి నేను దారం లేకుండ ట్యాక్ కొట్టలేదు. ఒక్కసారి తాకినంత మాత్రాన సరిపోదు, కింది దారం పైకి, పైది కిందికి మార్చి మల్ల చూడాలె, ఎందుకంటే ఒక దారం ఇంకోదాని మీద ఒరిగి ఉన్నా తాకినట్టే కనపడుతది.

సూర్యాపేట తమ్ముడొకడు ఇంకో మంచి మాట చెప్పిండు, కొలతలు పొద్దుగాలే తీయమని. నల్లగొండ ఎండల సగం ఫ్రేమ్ వేపచెట్టు నీడల, సగం ఎండల ఉంటే రెండు పైపుల మధ్య 20 డిగ్రీల తేడా ఈజీగ వస్తది, దానికే 2400 పైపు అర ఎంఎం పైన సాగుతది.

చివరికి ప్రతి గడిల ఒక ఏటవాలు పైపు. నాలుగు పైపుల చట్రాన్ని చేత్తో నూకినా పక్కకు ఒరుగుతది, మూలకు ఒక్క పైపు పడి త్రికోణం అయిందంటే పైపు వంగితే తప్ప కదలది. ఇవి గూడ ట్యాకులే, ఫుల్ వెల్డింగ్ ఇప్పుడే వద్దు, పై ఫ్రేమ్ అంతా ట్యాక్ అయినంకనే. ఒక రాత్రి వదిలేసి, తెల్లారి ఆరింటికి రెండు మూలల కొలతలు, దారాల సందు మల్ల చూసి చాక్‌పీస్‌తోని ముందు అడ్డం పైపు మీదనే రాసి పెట్టండి, 5వ భాగంల నిలువు పైపులు నిలబెట్టేటప్పుడు ఆ మూడు అంకెల తోనే మొదలుపెడ్తం.